ఇంటి నాస్‌లో ఎన్‌క్రిప్షన్: ముందు తాళంచెవి సంగతి తేల్చుకోండి

నేను విశాఖ సీతమ్మధారలో ఇంటి దగ్గర నుంచే ఇన్‌కమ్ ట్యాక్స్, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. పూర్ణా మార్కెట్ వ్యాపారులు, ఫిషింగ్ హార్బర్ బోటు ఓనర్లు ఇచ్చిన ఆధార్ కాపీలు, పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ మా నాస్‌లోనే ఉంటాయి. నాస్ అంటే ఇంటి నెట్‌వర్క్‌కి కలిపి ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె. ఆ కాగితాలు నావి కావు, నన్ను నమ్మి ఇచ్చినవి. ఆ పెట్టెను ఎవరైనా ఎత్తుకుపోయినా, పాడైన డిస్కు వారంటీ కింద సర్వీస్ సెంటర్‌కి వెళ్లినా, లోపల ఉన్నది ఎవరూ చదవలేకుండా ఉండాలి. లాగిన్ పాస్‌వర్డ్ ఇందుకు చాలదు. డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే ఆ పాస్‌వర్డ్ అడిగే దిక్కే ఉండదు. అందుకే ఎన్‌క్రిప్షన్ కావాలి, అంటే కీ (తాళంచెవి) లేనిదే ఎవరూ చదవలేని రూపంలో డేటాను దాచడం.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఫోల్డర్ తెరిచి ఉన్న సమయంలో ల్యాప్‌టాప్ ద్వారా రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) వస్తే, దాన్ని ఆపడం ఎన్‌క్రిప్షన్ వల్ల కాదు. దానికి స్నాప్‌షాట్లు (ఫైళ్లు ఒక సమయానికి ఎలా ఉన్నాయో నాస్ దాచిపెట్టే నకళ్లు), బ్యాకప్ ఉండాల్సిందే.

మాది సైనాలజీ కంపెనీ నాస్. ఇందులో రెండు దారులున్నాయి. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ డీఎస్‌ఎం. 2023లో వచ్చిన డీఎస్‌ఎం 7.2 నుంచి కొన్ని మోడళ్లలో వాల్యూమ్ (ఫోల్డర్లన్నీ ఉండే డిస్కు భాగం) మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేయొచ్చు. కానీ కొత్త వాల్యూమ్ తయారు చేసేటప్పుడే ఆ వీలుంటుంది. పైగా కీని అదే పెట్టెలోని వాల్ట్‌లో (కీలు దాచే చోట) ఉంచితే, రీస్టార్ట్ అయినప్పుడల్లా వాల్యూమ్ దానంతటదే తెరుచుకుంటుంది. డిస్కు ఒక్కటే బయటికెళ్తే భయం లేదు, పెట్టె మొత్తం పోతే మాత్రం ఆ ధైర్యం లేదు. రెండోది షేర్డ్ ఫోల్డర్ వరకే ఎన్‌క్రిప్షన్. నేను దీన్నే ఎంచుకున్నాను. సినిమాలకి, పెళ్లి వీడియోలకి తాళం అక్కర్లేదు, క్లయింట్ల కాగితాలకి కావాలి. ట్రూనాస్ అనే ఇంకో నాస్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు డేటాసెట్ (అందులో ఫోల్డర్ లాంటిది) తయారు చేసేటప్పుడు కీ బదులు పాస్‌ఫ్రేజ్ (కొన్ని మాటలతో కూడిన పొడవాటి పాస్‌వర్డ్) పెట్టుకుంటే ఇదే పని జరుగుతుంది.

స్పీడ్ సంగతికొస్తే, ప్రాసెసర్‌లో ఏఈఎస్‌కి (ఎన్‌క్రిప్షన్ చేసే పద్ధతి) హార్డ్‌వేర్ సపోర్ట్ ఉందో లేదో కొనేముందే చూసుకోండి. కొందరు నాస్‌గా వాడే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై 4లో అది లేదు, పై 5లో ఉంది.

ఇక పని. కంట్రోల్ ప్యానెల్‌లో షేర్డ్ ఫోల్డర్‌కి వెళ్లి క్రియేట్ నొక్కండి. ఎన్‌క్రిప్షన్ ఎంపిక వచ్చినప్పుడు టిక్ పెట్టి కీ ఇవ్వండి, అంటే మీ పాస్‌ఫ్రేజ్ టైప్ చేయండి. కీ మేనేజర్‌లో (నాస్‌లోనే కీలు దాచే చోటు) చేర్చమని అడిగే టిక్ మాత్రం వదిలేయండి. ఫోల్డర్ తయారయ్యాక ఒక కీ ఫైల్ డౌన్‌లోడ్ అవుతుంది. అది ఎవరి చేతికి దొరికితే వాళ్లు పాస్‌ఫ్రేజ్ లేకుండానే ఫోల్డర్ తెరవగలరు. పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, ల్యాప్‌టాప్‌లోంచి పూర్తిగా తీసేయండి.

తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టేవాళ్లకి ఇక్కడో చిక్కు ఉంది. ఈ రకం ఫోల్డర్‌లో పేరు 143 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటాయి. ‘లక్ష్మి’ ఒక్కటే 21 బైట్లు. ‘శ్రీ వెంకటలక్ష్మి ట్రేడర్స్ మార్చి నెల బ్యాంకు స్టేట్‌మెంటు’ లాంటి పేరున్న ఫైలు కాపీ అవ్వదు. ముందే పేర్లు కుదించుకోండి.

పాస్‌ఫ్రేజ్‌కి ఒకదానితో ఒకటి పొంతన లేని ఆరు మాటలు తీసుకోండి. పిల్లల పేర్లు, బండి నంబర్లు వద్దు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తారు కదా, స్పెల్లింగ్ దగ్గర జాగ్రత్త. ‘తాటి’ని ఒకరు హెచ్ పెట్టి రాస్తారు, ఇంకొకరు పెట్టకుండా రాస్తారు. అందుకే మీరు టైప్ చేసింది చేసినట్టే, పెద్దక్షరాలతో సహా కాగితం మీద రాయండి. అది పోతే సైనాలజీ వాళ్లు కూడా ఏమీ చేయలేరు.

ఆ కాగితం ఎక్కడ పెడతారన్నదే అసలు ప్రశ్న. నాస్ పక్క సొరుగులో పెడితే మొత్తం శ్రమ వృథా. నాది ప్లాస్టిక్ కవర్‌లో బ్యాంకు లాకర్లో ఉంది, ఇంకో కాపీ హైదరాబాద్‌లో మా అన్నయ్య దగ్గర ఉంది. గాజువాకలోనో విజయనగరంలోనో పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు ఆ ఊళ్లూ మనతోపాటే దెబ్బతిన్నాయి. బ్యాకప్ డిస్కు విషయంలోనూ ఇదే ఆలోచించండి. పైగా ఫోల్డర్ ఎన్‌క్రిప్ట్ అయినంత మాత్రాన బ్యాకప్ కాపీ కూడా ఎన్‌క్రిప్ట్ అవ్వదు. సైనాలజీ బ్యాకప్ యాప్ హైపర్ బ్యాకప్‌లో క్లయింట్ సైడ్ ఎన్‌క్రిప్షన్ టిక్‌ని బ్యాకప్ టాస్క్ తయారు చేసేటప్పుడే పెట్టాలి, తర్వాత పెట్టడం కుదరదు.

కరెంటు పోయి నాస్ రీస్టార్ట్ అయితే ఫోల్డర్ మూసుకునే ఉంటుంది. లాగిన్ అయి, మౌంట్ (ఫోల్డర్ తెరిచే బటన్) నొక్కి, పాస్‌ఫ్రేజ్ కొట్టాలి. రిటర్నుల ఆఖరి తేదీల్లో ఇది విసుగే. బూట్ అవగానే తెరుచుకునేలా ఆటో మౌంట్ పెట్టేద్దామనిపిస్తుంది, దయచేసి పెట్టకండి. తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టవుతుంది. దాని బదులు చిన్న యూపీఎస్ కొని, దాని యూఎస్‌బీ కేబుల్ నాస్‌కి కలపండి. చిన్న కోతలకి రీస్టార్ట్ బాధ తప్పుతుంది, పెద్ద కోతలో నాస్ పద్ధతిగా ఆగుతుంది.

ఫైళ్లు కొత్త ఫోల్డర్‌లోకి కాపీ అయ్యాక పాతవి వెంటనే చెరిపేయకండి. ముందు అన్‌మౌంట్ చేసి (మూసేసి), కాగితం మాత్రమే ఇచ్చి ఇంట్లో ఇంకొకరి చేత తెరిపించండి. నేను మా ఆయన చేత చేయించాను. నాకు ఒంట్లో బాగోకపోయినా క్లయింట్ల కాగితాలు వాళ్లకి అందాలి. అలాగే బ్యాకప్ నుంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి చూడండి. రెండూ పనిచేశాకే పాత ఫోల్డర్ తీసేసి, రీసైకిల్ బిన్, పాత స్నాప్‌షాట్లు కూడా ఖాళీ చేయండి. అయినా డిస్కు మీద పాత ఫైళ్ల జాడలు కొంతకాలం మిగులుతాయి. కాబట్టి ఆ డిస్కు ఎప్పుడైనా మీ చేయి దాటాల్సి వస్తే, పనిచేస్తున్నదైతే సెక్యూర్ ఎరేజ్ (డిస్కు మొత్తం పూర్తిగా చెరపడం) చేయండి, చచ్చిపోయిందైతే వారంటీ వదులుకుని డిస్కు లోపల డేటా ఉండే పళ్లేలకి డ్రిల్‌తో చిల్లులు పెట్టించండి.