అతివాహక అనునాదకాలు – 4వ పాఠం: లోహంలో చిక్కుబడిన అయస్కాంత అభివాహం

గత పాఠం చదివిన నల్గొండ డిగ్రీ విద్యార్థి ఒకరు అడిగారు: "సార్, దిక్సూచి ముల్లును తిప్పడానికే సరిపోయే భూమి అయస్కాంత క్షేత్రం నియోబియం కుహరాన్ని ఏం చేయగలదు?" కుహరం అంటే రేడియో తరంగాలను లోపల నిలిపి ఉంచే బోలు లోహపాత్ర, అదే మన అనునాదకం. ఈ పాఠమంతా ఆ ప్రశ్నకు జవాబే. కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.

బాగా చల్లబడ్డాక విద్యుత్ నిరోధం కోల్పోయే పదార్థమైన అతివాహకం అయస్కాంత క్షేత్రాన్ని పూర్తిగా బయటకు నెట్టేస్తుందని చదువుకున్నాం. మైస్నర్, ఆక్సన్‌ఫెల్డ్ 1933లో చూపింది అదే. కానీ మన చేతికి వచ్చే లోహంలో మలినాలు, స్ఫటిక రేణువుల సరిహద్దులు ఉంటాయి. 9.2 కెల్విన్ల దగ్గర నియోబియం అతివాహకంగా మారే క్షణంలో కొంత అభివాహం (లోహం గుండా పోయే క్షేత్రపు మొత్తం) ముళ్లకంపకు ఉన్ని చిక్కినట్లు వాటికి చిక్కుకుంటుంది. పాఠ్యపుస్తకాలు ఈ మాట చెప్పకుండా వదిలేయడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

చిక్కిన అభివాహం సన్నని సుడులుగా నిలుస్తుంది. ఒక్కో సుడిలో 2.07 × 10⁻¹⁵ వెబర్ల అభివాహం ఉంటుంది. మన దగ్గర భూమి క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు. అదంతా చిక్కితే ఒక చదరపు మిల్లీమీటరులో ఎన్ని సుడులు? భాగించి చూడండి, 19 వేలకు పైగా వస్తాయి. సుడి నడిమి భాగం మామూలు లోహమే. రేడియో తరంగాల ప్రవాహం దాన్ని అటూ ఇటూ ఊపుతుంది, ఆ ఊపులో శక్తి వేడిగా పోతుంది.

ఇప్పుడు అసలు లెక్క. కుహరం తనలోని శక్తిని ఎంత బాగా నిలుపుకుంటుందో చెప్పేది క్యూ విలువ; అది ఎంత ఎక్కువైతే నష్టం అంత తక్కువ. 1.3 గిగాహెర్ట్జ్ కుహరానికి క్యూ విలువ = 270 ఓములు (కుహరం ఆకారాన్ని బట్టి వచ్చే స్థిరాంకం) ÷ ఉపరితల నిరోధం. 2 కెల్విన్ల దగ్గర నిరోధం 10 నానో ఓములు అనుకుంటే క్యూ 2,700 కోట్లు. చిక్కిన ప్రతి మైక్రోటెస్లాకు సుమారు 3.5 నానో ఓములు కలపాలి. 40 మైక్రోటెస్లాలకు 140 నానో ఓములు; మొదటి 10తో కలిపి మొత్తం 150 అవుతుంది. క్యూ 180 కోట్లకు పడిపోతుంది. అంటే కుహరం లోపలి రేడియో తరంగాల క్షేత్రం అంతే ఉన్నా, దాన్ని చల్లగా ఉంచే ద్రవ హీలియం మోయాల్సిన వేడి 15 రెట్లు. దిక్సూచి ముల్లును తిప్పే క్షేత్రం చేసే పని ఇది!

అందుకే కుహరం చుట్టూ మ్యూ-మెటల్ (అయస్కాంత క్షేత్రాన్ని పక్కకు మళ్లించే నికెల్-ఇనుము మిశ్రమం) కవచం పెడతారు. నాకు దానికంటే ఆసక్తి కలిగించేది చల్లబరిచే తీరు. పాలమూరులో వేరుశనగ తీసిన చేలో ఎరువు కోసం గొర్రెల మందను నిలపడం చూసే ఉంటారు. పొద్దున ఒక కొస నుంచి తోలుకుంటూ పోతే చేను ఖాళీ అవుతుంది. నాలుగు వైపుల నుంచీ ఒకేసారి కమ్ముకుంటే గొర్రెలు మధ్యలోనే గుమిగూడిపోతాయి. కుహరం అంతటా ఒకే ఉష్ణోగ్రతతో నెమ్మదిగా చల్లబడితే అతివాహక భాగాలు అక్కడక్కడా పుట్టి అభివాహాన్ని చుట్టుముడతాయి. ఒక కొస ముందుగా చల్లబడి, రెండో కొసతో ఉష్ణోగ్రత తేడా బాగా ఉంటే అతివాహక సరిహద్దు ఒకే దిశలో కదులుతూ అభివాహాన్ని ముందుకు తోసేస్తుంది. అమెరికాలోని ఫెర్మీల్యాబ్ అనే భౌతికశాస్త్ర ప్రయోగశాల పరిశోధకులు 2014లో దీన్ని కొలతలతో చూపారు. అయితే కంప ఎక్కువున్న చేలో ఎంత తోలినా కొన్ని మిగులుతాయి. కొన్ని నియోబియం రేకులను 900 డిగ్రీల సెల్సియస్, అంతకు మించి కాలిస్తేనే అభివాహం సులువుగా వదులుతుంది.

అభ్యాసం: కవచం పెట్టాక 1 మైక్రోటెస్లా మాత్రమే మిగిలి, అదంతా చిక్కిందనుకోండి. క్యూ ఎంత? 2,000 కోట్లు రాకపోతే నిరోధాలను కలిపిన చోట మళ్లీ చూడండి.