కవితని ఏ పత్రికకి పంపాలి? ఎలా ఎంచుకోవాలి?

కవిత పూర్తయిన ఊపులో, కనిపించిన పత్రికలన్నిటికీ పంపేయాలనిపిస్తుంది. నేనూ అదే పని చేశాను. ఒక పత్రికకి నాలుగు వచన కవితలు పంపితే, "మేము ఛందస్సులో రాసినవే వేసుకుంటాం" అని ఒక్క లైను జవాబొచ్చింది. ఒక్క సంచిక తిరగేసినా ఆ సంగతి నాకే తెలిసేది!

అందుకే ముందు చదవండి. ఈమధ్య వచ్చిన సంచికలు రెండు మూడు తీసి కవితలు మాత్రమే వరసగా చదువుకుంటూ పోతే, వాళ్లకి పది పాదాల చిన్న కవితలు ఇష్టమా, రెండు పేజీల పొడుగువా, ఆవేశంగా మాట్లాడేవా, ఒక దృశ్యం చూపించి ఊరుకునేవా అన్నది మెల్లగా తెలిసిపోతుంది. నియమాల పేజీలో "మంచి కవిత్వం పంపండి" అని అందరూ రాస్తారు, దాన్నిబట్టి ఏం అర్థం కాదు. కొత్త పేర్లు కనిపిస్తున్నాయా, లేక ప్రతిసారీ అదే పదిమందేనా అన్నది కూడా చూడండి.

ఇంగ్లీషులో రాసేవాళ్లకి వెతుక్కోవడం తేలికే. పత్రికల్ని వెతికిపెట్టే వెబ్‌సైట్లున్నాయి: సబ్మిషన్ గ్రైండర్ ఉచితం, డ్యుయోట్రోప్‌కి చందా కట్టాలి. ఏ పత్రిక ఎన్నాళ్లకి జవాబిస్తోందో, పంపినవాళ్లు నమోదు చేసిన లెక్కలు వాటిలో ఉంటాయి.

తర్వాత నియమాలు. ఎన్ని కవితలు పంపాలి (మామూలుగా 3 నుంచి 5), ఒకేసారి వేరే పత్రికకీ పంపొచ్చా, హక్కులు ఎవరివి అన్నవి చూసుకోవాలి. మొదటిసారి ప్రచురించే హక్కు మాత్రమే అడిగితే పర్వాలేదు, మొత్తం రాసిచ్చేయమంటే నేనైతే పంపను. చాలామంది బోల్తా పడేది ఇంకోచోట: ఫేస్‌బుక్‌లో పెట్టిన కవితని కొన్ని పత్రికలు అచ్చయినట్టే లెక్కేస్తాయి. కొన్ని ఇంగ్లీషు పత్రికలు కవితలు చదవడానికి తీసుకునే పరిశీలన రుసుము రెండు మూడు డాలర్లయితే సరే, అంతకంటే ఎక్కువ అడుగుతుంటే ఆ డబ్బు ఎందుకో ఆలోచించండి.

పెద్ద పత్రికలు రెండు, మధ్యరకంవి మూడు, కొత్తవి రెండు జాబితాలో పెట్టుకుంటే చాలు. ఏ కవిత ఎక్కడికి, ఏ తేదీన పంపారో ఒక పట్టికలో రాసుకోండి. ఒకచోట తీసుకున్నారంటే మిగతావాళ్లకి ఆ రోజే, "ఫలానా కవితని వెనక్కి తీసుకుంటున్నాను, మిగతావి పరిశీలించండి" అని రాసేయాలి. ఆనందంలో పడి నేనిది ఒకసారి మర్చిపోయాను, రెండోచోటా తీసుకున్నారు, ఇక ఆ ఎడిటర్‌కి మళ్లీ కవిత పంపే ధైర్యం రాలేదు.