ఓవెన్ విప్పే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

ఇంట్లోని ఎలక్ట్రిక్ ఓవెన్ వేడెక్కకపోతే, స్క్రూడ్రైవర్ చేతికి తీసుకునే ముందే ప్లగ్గును సాకెట్టు నుంచి పూర్తిగా ఊడదీయాలి. స్విచ్ ఆపితే సరిపోదు. పాత ఇళ్ల వైరింగులో స్విచ్‌ను పొరపాటున న్యూట్రల్ తీగకు బిగించి ఉంటే, ఆపిన తరువాత కూడా ఓవెన్ లోపలికి 230 వోల్టుల ఫేజు వస్తూనే ఉంటుంది. ఓవెన్ షాక్ కొడుతున్నట్లయితే, ముందు ఎంసీబీ (బోర్డులో కరెంటును ఆపే బ్రేకర్ స్విచ్) దించి, ఆ తరువాతే ప్లగ్గు ముట్టుకోవాలి. చేతులు, నేల పొడిగా ఉండాలి.

మైక్రోవేవ్ ఓవెన్‌ను మాత్రం ఇంట్లో విప్పనే కూడదు. దాని కెపాసిటర్‌లో ప్లగ్గు తీసిన తరువాత కూడా ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

లోపం ఓవెన్‌దేనా అన్నది కూడా తేల్చుకోవాలి. యాసంగిలో బోరు మోటార్లన్నీ ఒకేసారి నడిచే వేళ, మహబూబ్‌నగర్ వైపు ఏ పల్లెలోనైనా వోల్టేజీ 180కి పడిపోయిందంటే, ఓవెన్ ఇచ్చే వేడి ఐదింట మూడు వంతులకు తగ్గుతుంది. అది మరమ్మతుతో పోయేది కాదు. సాకెట్టు 16 ఆంపియర్లదై ఉండాలి, దాని రంధ్రాల చుట్టూ గోధుమరంగు మరక కనిపిస్తే ముందు సాకెట్టునే మార్చాలి. నల్లగొండ రాతినేలల్లో ఎండాకాలానికి ఎర్తు గుంత ఎండిపోయి ఎర్తింగు బలహీనపడుతుంది కనుక, అందులో నీళ్లు పోయిస్తుండాలి (చాలామంది మరిచేది ఇదే).

ఓవెన్ పూర్తిగా చల్లారాక, ఎలిమెంటు (వేడినిచ్చే కాయిల్) తీగలను విడదీసి మల్టీమీటరుతో చూస్తే 1500 వాట్ల ఎలిమెంటు సుమారు 35 ఓములు చూపాలి. ఎలిమెంటు కొనకు, ఓవెన్ బాడీకి మధ్య కూడా రీడింగు వస్తే, ఆ ఓవెన్‌ను మళ్లీ ప్లగ్గులో పెట్టకుండా మెకానిక్‌కు అప్పగించాలి.