పాత పికప్‌ను ఇంట్లోనే ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్చడం ఎలా?

చూడ్డానికి బాగుందని ఏదో ఒక పాత పికప్ కొనేసి, ఆ తర్వాత ముందు చక్రాలకు పవర్ ఎలా ఇవ్వాలా అని తల పట్టుకునేవాళ్ళు డాలస్ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. అందుకే ముందు బండి సంగతి. ఇంటి గ్యారేజీలో చేసే ఉద్దేశం ఉంటే 1955 సెకండ్ సిరీస్ (ఆ ఏడాది మధ్యలో వచ్చిన కొత్త మోడల్) నుంచి 1959 దాకా వచ్చిన షెవ్రొలే 3100 కొనండి. ఇంకేదీ వద్దు.

ఎందుకంటే ఆ బండికి ముందు కూడా కమాన్ పట్టీలే. వాటి కింద నిండు ఇరుసు, వెనక్కి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికే ఉంటుంది. 1960 నుంచి షెవ్రొలే టూ వీల్ డ్రైవ్ పికప్‌లకు ముందువైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చేసింది. దాన్ని కోసి పారేసి ఛాసిస్‌కు కొత్త బ్రాకెట్లు పెట్టడం వేరే పని, అది ఇంట్లో చేసేది కాదు. పోనీ ఇంకా పాతది చూద్దామంటే, 1954 వరకు హాఫ్ టన్ను బళ్ళలో షాఫ్ట్ టార్క్ ట్యూబు అనే గొట్టంలో మూసి ఉంటుంది. మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే పవర్‌ను ముందుకూ వెనక్కీ పంచే పెట్టె, పెట్టడానికి దారే లేదు. 3100 చక్రాలకు ఆరు బోల్టులు, అయిదున్నర అంగుళాల సర్కిల్. తర్వాతి కాలపు హాఫ్ టన్ను షెవ్రొలే ఫోర్ బై ఫోర్ చక్రాలకూ అదే కొలత. వెనక ఒక రకం, ముందు ఒక రకం రిమ్ములు పెట్టుకుని తిరిగే అవస్థ తప్పుతుంది.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. మినియాపోలిస్‌లో నార్త్‌వెస్టర్న్ ఆటో పార్ట్స్ కంపెనీ అని ఉండేది, అందరూ నాప్కో అంటారు. షెవ్రొలే, జీఎంసీ ట్రక్కులకు ‘పవర్ పాక్’ పేరుతో కిట్ అమ్మేవాళ్ళు. మూడు గంటల్లో బిగించేయొచ్చని ప్రకటనలు వేసేవాళ్ళు. 1957లో షెవ్రొలే ఆ సరుకును తన ఫ్యాక్టరీలోనే పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. 1960లో సొంత ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులు తెచ్చుకుంది. అసలు నాప్కో కిట్ ఇప్పుడు దొరికినా దాని ధర విని వెనక్కి రావాల్సిందే. కాబట్టి పద్ధతి వాళ్ళది, సామాను జంక్‌యార్డ్‌ది.

ఇండియా నుంచి చదువుతున్నవాళ్ళు ఇది చూసి ఇంట్లో ఉన్న పాత జీపు మీద పడొద్దు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మారిస్తే ఆర్సీతోనే చిక్కు వస్తుంది.

సామాను గురించి ఎక్కువ చెప్పను. ముందుకు ఒక డానా 44 హౌసింగ్ (డిఫరెన్షియల్ కూడా ఉన్న ఇరుసు), డిస్క్ బ్రేకులు ఉన్నది. 1970ల షెవ్రొలే ఫోర్ బై ఫోర్‌ల కింద, జీప్ వ్యాగనీర్‌ల కింద దొరుకుతుంది. డిఫరెన్షియల్ గుండు కుడివైపు ఉన్నదే తీసుకోండి. మన బండికి ఎడమపక్క స్టీరింగ్ బాక్స్, క్లచ్ లింకేజీ, ఫ్లోర్ కింద మాస్టర్ సిలిండర్ కిక్కిరిసి ఉంటాయి. అక్కడ ఇంకో షాఫ్ట్ తిరగడానికి చోటు లేదు. ట్రాన్స్‌ఫర్ కేస్‌గా ఎన్‌పీ 205, అదీ గేర్‌బాక్స్‌కు అతుక్కోకుండా విడిగా వేలాడే రకం. 1970ల తొలినాళ్ళ డాడ్జ్ ట్రక్కులో వచ్చినది కుడివైపుకి పవర్ ఇస్తుంది. ఫోర్డ్‌లో వచ్చినది ఎడమవైపుకి ఇస్తుంది. చవగ్గా వచ్చిందని ఫోర్డ్ కేస్, షెవ్రొలే హౌసింగ్ కొనుక్కొచ్చి రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ కూర్చునేవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు.

చైన్‌తో నడిచే అల్యూమినియం కేసులు తేలిక అంటారు. తేలికే. కానీ 205 పోత ఇనుము, లోపలంతా గేర్లే, సాగడానికి చైన్ లేదు. నా బండ్లలో వేరేది ఎక్కదు.

వెనక హౌసింగ్ రేషియో, అంటే చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలన్నది, 3100కి మామూలుగా 3.90 ఉంటుంది. డానా 44కి 3.92 క్రౌన్ పినియన్ దొరుకుతుంది. ఆ రెండిటికీ తేడా అర శాతమే, నడుస్తుంది. ఒకటే జాగ్రత్త. 3.73, అంతకన్నా తక్కువ రేషియోతో వచ్చిన హౌసింగులో ఉండే క్యారియర్ (క్రౌన్ గేరును మోసే భాగం) మీద 3.92 సెట్ కూర్చోదు. క్యారియర్ కూడా మార్చాలి. ఈ సెట్టింగ్ మాత్రం షాపులో చేయించుకోండి.

ఇక విప్పడం. పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ తీసేయండి. ఛాసిస్‌ను గట్టి స్టాండ్ల మీద నిలబెట్టండి, ఉత్త జాక్ మీద కాదు. చక్రాలు, బ్రేకు పైపులు, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రానికి వచ్చే కడ్డీ), యూ బోల్టులు ఊడదీస్తే పాత ఇరుసు కిందికి వచ్చేస్తుంది. ఒక పూట పని. ట్రాన్స్‌ఫర్ కేస్‌కు క్రాస్ మెంబర్ చేసి, రబ్బరు బుష్‌ల మీద వేలాడదీయండి. గేర్‌బాక్స్ వెనక ముఖం, కేస్ ముందు ముఖం సమాంతరంగా ఉండాలి. మధ్య షాఫ్ట్‌కు ఒకటి రెండు డిగ్రీల వాలు ఉంటే మంచిది, లేకపోతే జాయింట్ క్రాస్‌లోని సూది బేరింగులు కదలక ఒకేచోట అరుగుతాయి. కేస్ చాలా బరువు, ఒంటరిగా ఎత్తబోకండి.

ఇప్పటిదాకా చెప్పింది ఎవరైనా చేయగలరు. బండి బాగుపడేదీ పాడయ్యేదీ కమాన్ పట్టీలు కూర్చునే పర్చ్‌లను ముందు హౌసింగ్ మీద వెల్డ్ చేసేచోట. నిదానంగా చదవండి.

ముందు హౌసింగ్‌కు రెండు కోణాలు ముఖ్యం. ఒకటి క్యాస్టర్, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ గీత చుట్టూ మళ్ళుతుందో ఆ గీత పైభాగం ఎంత వెనక్కి వాలి ఉందన్నది. మలుపు తిప్పి వదిలాక స్టీరింగ్ తనంతట తానే మధ్యకు రావడం, హైవే మీద బండి నిటారుగా పోవడం దీని వల్లే. రెండోది పినియన్ (డిఫరెన్షియల్‌లో షాఫ్ట్ వచ్చి కలిసే గేరు) ముఖం ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు ఎంత ఎత్తి ఉందన్నది. ఈ రెండూ ఒకే ఇనుప ముద్దలో భాగాలు కాబట్టి ఒకటి కదిపితే రెండోది కదులుతుంది. షాఫ్ట్ బాగా కలవాలని పినియన్‌ను పైకి ఎత్తితే క్యాస్టర్ తగ్గిపోతుంది. చాలామంది ఇక్కడే చెడగొడతారు. షాఫ్ట్ కంటికి కనిపిస్తుంది, క్యాస్టర్ కనిపించదు. కనిపించేదాన్ని సరిచేసుకుని సంతోషపడతారు. తర్వాత యాభై మైళ్ళ వేగంలో ముందు చక్రాలు ఊగడం మొదలుపెడితే టైర్లు మార్చి, స్టీరింగ్ డ్యాంపర్ పెట్టి, షాపుల చుట్టూ తిరుగుతారు.

క్యాస్టర్‌ది మొదటి మాట. పినియన్ దానికి సర్దుకోవాలి. 3100 పాత స్టీరింగ్ బాక్స్‌కు పవర్ లేదు కాబట్టి 4 డిగ్రీలు పెట్టండి. పవర్ స్టీరింగ్ మార్చుకుంటే 6 దాకా పోవచ్చు. అప్పుడు పినియన్ కొంచెం కిందికి చూస్తూ ఉండిపోతే, ముందు షాఫ్ట్‌కు కేస్ వైపు డబుల్ కార్డన్ జాయింట్ (రెండు జాయింట్లు జంటగా ఉన్నది) ఉన్న షాఫ్ట్ వేయండి. మామూలు జాయింట్లతోనే సరిపెడతానంటే రెండు చివర్ల కోణాలు సమానంగా రావాలి. అది అదృష్టం మీద ఆధారపడే వ్యవహారం.

కొలిచే ముందు బండి పూర్తి బరువుతో ఉండాలి. ఇంజన్, రేడియేటర్, బ్యాటరీ, బానెట్, ఫెండర్లు అన్నీ పైన ఉండగా, చక్రాలు చదునైన కాంక్రీటు నేల మీద ఆనాలి. ఉత్త ఛాసిస్ మీద కోణాలు పెట్టేసి వెల్డింగ్ చేసినవాళ్ళ బండి, ఇంజన్ ఎక్కగానే ముందుకు కూర్చుంటుంది. పెట్టిన నాలుగు డిగ్రీల్లో కొంత అక్కడే పోతుంది. ఇంకో సంగతి, పాత ఇరుసు మధ్యలో కిందికి వంగి ఉంటుంది. డానా హౌసింగ్ నిటారు గొట్టం. అందుకని లిఫ్ట్ కిట్ ఏదీ పెట్టకపోయినా ముందు భాగం కొన్ని అంగుళాలు లేస్తుంది. వెనక కూడా అంత ఎత్తు పెంచి, ఆ తర్వాతే కొలవండి. ముందు కొలిచేసి తర్వాత వెనక లేపితే బండి ముక్కు దిగి క్యాస్టర్ మళ్ళీ తగ్గుతుంది. నాలుగంగుళాలు, ఆరంగుళాలు అదనంగా లేపేవాళ్ళ సంగతి నేను మాట్లాడను. అలాంటి బళ్ళు పార్కింగ్‌లో ఫొటోలకు బాగుంటాయి.

కొత్త పర్చ్‌లను గొట్టం మీద వదులుగా పెట్టి, కమాన్ సెంటర్ బోల్టు తల పర్చ్ రంధ్రంలో కూర్చోబెట్టి, యూ బోల్టులను చేత్తో తిరిగినంత బిగించండి. ఇప్పుడు హౌసింగ్ తిరుగుతుంది కానీ పక్కకు జారదు. డిజిటల్ యాంగిల్ గేజ్‌ను నకుల్ (హౌసింగ్ చివర చక్రంతో పాటు మళ్ళే భాగం) బాల్ జాయింట్ దగ్గర చదునుగా చెక్కిన భాగం మీద పెట్టి క్యాస్టర్ చూడండి. రెండు పక్కలా చూడండి, అర డిగ్రీ కంటే తేడా ఉంటే హౌసింగ్ ఎక్కడో మెలి తిరిగి ఉంది, దాన్ని వాపసు ఇచ్చేయండి.

తర్వాత సూటిగా ఉందో లేదో చూడాలి. మేస్త్రీలు గోడకు వేలాడదీసే తూకం గుండు తెచ్చుకోండి. ఛాసిస్‌కు రెండు పక్కలా ఫ్యాక్టరీ కొట్టిన ఒకే రకం రివెట్ నుంచి గుండు వదిలి నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. హౌసింగ్ రెండు చివర్ల నుంచి కూడా అలాగే. ఇప్పుడు బండి కింద దూరి వంకరగా టేపు పట్టుకోనక్కర్లేదు, నేల మీద గీతలు కొలిస్తే చాలు. అటు మూల నుంచి ఇటు మూలకు, ఇటు నుంచి అటుకు, రెండూ 3 మిల్లీమీటర్లలోపు కలవాలి. వెనక హౌసింగ్ నుంచి కొలవొద్దు. దాదాపు డెబ్బై ఏళ్ళ బండికి వెనక హౌసింగ్ సరిగ్గా ఉందని ఎవరు హామీ ఇచ్చారు?

వెల్డింగ్ మెషీన్ ముట్టుకునే ముందు ఇంకో పరీక్ష. కమాన్ పట్టీలు పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు డిఫరెన్షియల్ గుండు, గొట్టం ఇంజన్ ఆయిల్ పాన్‌కు తగలకూడదు. బంప్ స్టాప్ (ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) ఆనిన తర్వాత కూడా కనీసం అంగుళం ఖాళీ ఉండాలి. లేకపోతే బంప్ స్టాప్ కిందికి దించండి. ఆయిల్ పాన్‌కు సుత్తితో సొట్ట పెట్టి చోటు చేసినవాళ్ళను చూశాను. లోపల ఆయిల్ పంపు పికప్ ఉంటుందని వాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అన్నీ సరిపోయాక ఒక్కో పర్చ్‌కు నాలుగు టాక్‌లు (చిన్న చుక్కల్లాంటి తాత్కాలిక వెల్డింగులు) మాత్రమే పెట్టి, మళ్ళీ మొత్తం కొలవండి. విసుగు వస్తుంది. కొలవండి. ఆ తర్వాత హౌసింగ్‌ను బయటికి తీసి, యాక్సిల్ షాఫ్ట్‌లు లాగేయండి. సీళ్ళు వేడికి కాలిపోతాయి, అవి ఎలాగూ కొత్తవి వేయాలి. ఎర్త్ క్లాంప్‌ను వెల్డ్ చేసే గొట్టానికే పెట్టండి, హబ్‌కు పెడితే కరెంటు బేరింగుల గుండా పోతుంది. ఒకేసారి ఆ చివర నుంచి ఈ చివరకు లాగొద్దు. గొట్టం వేడెక్కి పూరీలా ఒకవైపుకి లేస్తుంది, చక్రాలు వంకరపోతాయి. ఒక అంగుళం ఎడమ పర్చ్ మీద, ఒక అంగుళం కుడి దాని మీద, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక తర్వాతి అంగుళం. నీళ్ళు పోసి చల్లార్చొద్దు.

కుడివైపు పర్చ్ చోటు డిఫరెన్షియల్ పోత మీద పడితే ఇంట్లో వెల్డ్ చేయొద్దు. పోత ఇనుము మీద మామూలు వెల్డింగ్ పైకి అందంగానే ఉంటుంది, గుంతలో పడ్డ రోజు ఊడి వస్తుంది. అందుకే హౌసింగ్ కొనడానికి వెళ్ళేటప్పుడే మీ రెండు కమాన్ కట్టల మధ్య దూరం కొలుచుకుని వెళ్ళండి. రెండు పర్చ్‌లూ గొట్టం మీదే పడే హౌసింగ్ దొరికేదాకా కొనకండి. కొన్ని షెవ్రొలే హౌసింగులకు కుడి పర్చ్ పోతలోనే కలిసి వస్తుంది. మీ కొలతకు అది కుదరకపోతే ఎంత చవకైనా వదిలేయండి.

తీరా వెల్డ్ అయ్యాక ఒక డిగ్రీ తేడా వస్తే కంగారు పడక్కర్లేదు. పర్చ్‌కూ కమాన్‌కూ మధ్య వాలు ముక్క పెట్టొచ్చు. స్టీలుదే పెట్టండి. అల్యూమినియంది నలిగి జారిపోతుంది.

మిగిలినవి చకచకా అయిపోతాయి. ఎడమ నకుల్ మీద స్టీరింగ్ ఆర్మ్ బిగించి, డ్రాగ్ లింక్‌ను వీలైనంత నేలకు సమాంతరంగా పెట్టండి. వాలు ఎక్కువైతే గుంత వచ్చినప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది. ముందు డిస్కులు వచ్చాయి కాబట్టి పాత సింగిల్ మాస్టర్ సిలిండర్ పనికిరాదు, రెండు సర్క్యూట్లది పెట్టి, బ్రేకు గొట్టాలు పొడుగువి వేయండి. షాఫ్ట్‌ల పొడవు బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు కొలిచి, షాపులో బ్యాలెన్స్ చేయించండి. యూ బోల్టులు కొత్తవి మాత్రమే. పాతవి ఒకసారి సాగాక మళ్ళీ బిగుతు నిలబెట్టవు.

మొదటిసారి నడిపేటప్పుడు ముందు చక్రాల హబ్‌లు ఫ్రీలో, అంటే యాక్సిల్ షాఫ్ట్‌లతో కలవకుండా, పెట్టి, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వేగం పెంచుతూ పోండి. ఫోర్ వీల్ పరీక్ష మట్టి మీద, గడ్డి మీద చేయాలి, పొడి తారురోడ్డు మీద కాదు. ఈ కేస్‌లో సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు, మలుపులో ముందు వెనక చక్రాలు తిరిగే దూరాలు వేరు, గట్టి రోడ్డు మీద ఆ బిగువంతా జాయింట్ల మీద పడుతుంది. లీవర్ న్యూట్రల్‌కు రాకుండా మొండికేస్తే అదే కారణం. బండిని కొంచెం వెనక్కి పోనిస్తే వస్తుంది. వంద మైళ్ళు తిరిగాక యూ బోల్టులు, స్టీరింగ్ ఆర్మ్ బోల్టులు మళ్ళీ బిగించి, పర్చ్ వెల్డింగుల మీద దుమ్ము తుడిచి టార్చి లైటు వేసి చూడండి. వెంట్రుకంత గీత కనిపించినా బండి అక్కడే ఆపేయండి.