అమెరికాలో మూడేళ్లలోపు పిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్: దరఖాస్తు విధానం

మూడేళ్లు నిండని మీ పిల్లల ఎదుగుదలలో ఆలస్యం ఉందని అనుమానం వస్తే, అమెరికాలో ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరే నేరుగా ఫోన్ చేసి ప్రభుత్వ ఎర్లీ ఇంటర్వెన్షన్ (ఎదుగుదలలో వెనకబడ్డ చిన్నపిల్లలకు థెరపీలు అందించే) కార్యక్రమం కింద పరీక్ష చేయించమని అడగొచ్చు. డాక్టర్ చీటీ అక్కర్లేదు. ఫలానా సమస్య అని ముందే తేలి ఉండాల్సిన పనీ లేదు. 1986లో మొదలైన ఈ కార్యక్రమం ఇప్పుడు వైకల్యాలున్న పిల్లల కోసం ఉన్న ఐడీఈఏ అనే ఫెడరల్ చట్టంలోని పార్ట్ సి కింద నడుస్తోంది. పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలన్న షరతు ఆ చట్టంలో లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ల పిల్లలకూ ఇది వర్తిస్తుంది.

మన ఇళ్లలో నెలలు గడిచిపోయేది కొన్ని మాటల దగ్గరే. "మగపిల్లలకు మాటలు లేటేలే", "వాళ్ల నాన్నకీ మూడేళ్లకే వచ్చాయి", "ఇంట్లో తెలుగు, డేకేర్‌లో ఇంగ్లిష్, అందుకే తికమకపడుతున్నాడు". పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు భాషా లోపం రాదు. పీడియాట్రీషియన్ "ఇంకో ఆరు నెలలు చూద్దాం" అన్నా సరే, మీకు మనసులో కలవరంగా ఉంటే ఫోన్ చేయండి. పరీక్షకు డబ్బులు కట్టక్కర్లేదు. ఏమీ లేదని తేలితే అంతకన్నా కావాల్సిందేముంది?

ఎవరిని అడగాలి

కార్యక్రమం పేరు రాష్ట్రానికొకటి. టెక్సస్‌లో ఈసీఐ అంటారు, జార్జియాలో బేబీస్ కాంట్ వెయిట్. కాలిఫోర్నియాలో ఎర్లీ స్టార్ట్, అక్కడ మీ ప్రాంతపు రీజినల్ సెంటర్‌ను అడగాలి. ఇల్లినాయ్‌లో అయితే చైల్డ్ అండ్ ఫ్యామిలీ కనెక్షన్స్ ఆఫీసు. మిగతా రాష్ట్రాల నంబర్లు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఏ వయసుకు ఏం చేయాలో చూసుకునే చెక్‌లిస్టులు కూడా అక్కడే దొరుకుతాయి.

ఫోన్‌లో పెద్ద ఉపోద్ఘాతం అవసరం లేదు. "మా బాబుకు 20 నెలలు. మాటలు లేవు, కావాల్సింది వేలితో చూపించడు, పిలిస్తే తిరిగి చూడడు. ఎర్లీ ఇంటర్వెన్షన్ ఎవాల్యుయేషన్ చేయించాలి" అంటే చాలు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలైతే అసలు డెలివరీ కావాల్సిన తేదీ కూడా చెప్పండి. ఫోన్ చేసిన తేదీ, మాట్లాడినవాళ్ల పేరు రాసి పెట్టుకోండి. రెఫరల్ (అంటే పరీక్ష చేయమన్న మీ విన్నపం) అందిన రోజు నుంచి 45 రోజుల్లోగా పరీక్ష పూర్తి చేసి, అర్హత ఉంటే ఏ సేవలు ఇవ్వాలో రాసే మొదటి ప్లాన్ మీటింగ్ కూడా జరపాలని నిబంధన. ఆ గడువు గురించి అడగాల్సి వస్తే మీ దగ్గర తేదీ ఉండాలి. మధ్యలో మీరు ఇండియా వెళ్తే ఆ ఆలస్యం మీ వల్ల జరిగినట్టు రాసుకుంటారు. వీలైతే ప్రయాణాన్ని పరీక్ష అయ్యాక పెట్టుకోండి.

తర్వాత సర్వీస్ కోఆర్డినేటర్ ఒకరు మిమ్మల్ని పలకరిస్తారు. ఇక ముందు అన్నిటికీ ఆ మనిషే మీకు దిక్కు. సాధారణంగా అడిగే కాగితాలు: బర్త్ సర్టిఫికెట్, చిరునామా రుజువు, ఇన్సూరెన్స్ కార్డు, డాక్టర్ రికార్డులు, పుట్టినప్పుడు చేసిన వినికిడి పరీక్ష ఫలితం. మీ రాతపూర్వక అనుమతి లేకుండా పరీక్ష మొదలుపెట్టరు. ఇన్సూరెన్స్ వాడుకోవడానికి ఇచ్చే అనుమతి వేరు. ఆ ఫారం చదివి, మీ ప్లాన్‌లో కోపే, డిడక్టిబుల్ ఎలా పడతాయో కనుక్కున్నాకే సంతకం పెట్టండి.

పరీక్ష రోజు తెలుగు సంగతి

కదలిక, చూపు, వినికిడితో కూడిన శారీరక ఎదుగుదల, ఆలోచన, మాట, మనుషులతో మెలగడం, తిండి-బట్టల వంటి సొంత పనులు: ఈ ఐదింటినీ చూస్తారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారని మొదటి ఫోన్‌లోనే చెప్పండి. వీలుకాదని స్పష్టంగా తేలితే తప్ప, పరీక్ష పిల్లల భాషలోనే జరగాలని చట్టం. ఇంటర్‌ప్రెటర్ ఖర్చు మీ మీద పడదు. మీకు ఇంగ్లిష్ బాగా వచ్చినా సరే అడగండి, ఎందుకంటే అక్కడ పరీక్ష మీకు కాదు.

తెలుగు రానివాళ్లు చూస్తే ఏమవుతుందో ఊహించుకోండి. బొమ్మ కుక్కను చూసి పాప "భౌభౌ" అంటుంది, ఆకలేస్తే "బువ్వ", పడుకోవాలంటే "జోజో". వచ్చినవాళ్లకు అవి ఉత్త శబ్దాల్లా వినిపించవచ్చు. "గివ్ మీ ద బాల్" అంటే కదలని పిల్ల, "బంతి ఇవ్వమ్మా" అంటే పరిగెత్తుకొచ్చి ఇస్తుంది. అందుకే పిల్లలు అనే ప్రతి మాటనూ, దాని అర్థంతో సహా, ఒక కాగితం మీద రాసి ఉంచండి. రెండు భాషల మాటలూ కలిపి లెక్కలోకి తీసుకోవాలి. ఇంట్లో మామూలుగా ఆడుకుంటున్నప్పుడు తీసిన చిన్న వీడియోలు కూడా పనికొస్తాయి.

"స్పూన్‌తో తానే తింటుందా?" అని అడుగుతారు. మనం ముద్దలు కలిపి నోట్లో పెట్టడం అలవాటు. స్పూన్ ఎప్పుడూ చేతికివ్వలేదంటే ఆ మాటే చెప్పండి. అవకాశం ఇవ్వకపోవడం వేరు, చేతకాకపోవడం వేరు. అలాగని మొహమాటపడి, ఒక్కసారి చేసిన పనిని రోజూ చేస్తుందని చెప్పకండి. దానివల్ల నష్టపోయేది పిల్లే.

అర్హత, ప్లాన్, ఖర్చు

ఎంత ఆలస్యం ఉంటే అర్హత అనేది రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. ఇల్లినాయ్‌లో ఏదో ఒక అంశంలో 30 శాతం, టెక్సస్‌లో 25 శాతం. టెక్సస్‌లోనే, తేడా కేవలం మాట్లాడటంలో ఉంటే అది 33 శాతం ఉండాలి. డౌన్ సిండ్రోమ్ వంటివి ముందే నిర్ధారణ అయితే, ఆలస్యం ఇంకా బయటపడకపోయినా అర్హులే. ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్తే అక్కడ అర్హత మళ్లీ చూస్తారు కాబట్టి ఇల్లు ఖరారు కాగానే కొత్త చోట ఫోన్ చేయండి, పాత రిపోర్టులు వెంట ఉంచుకోండి.

అర్హత లేదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఒప్పుకోకపోతే మీడియేషన్ (మధ్యవర్తి ద్వారా రాజీ), హియరింగ్ (విచారణ), రాష్ట్రానికి ఫిర్యాదు అనే మూడు దారులున్నాయి. కొన్ని నెలల తర్వాత కూడా బెంగ తీరకపోతే మళ్లీ రెఫర్ చేసుకోవచ్చు.

అర్హత వస్తే ఐఎఫ్‌ఎస్‌పీ అనే ప్లాన్ రాస్తారు. ఏ థెరపీ, వారానికి ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎక్కడ అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. థెరపిస్టు వీలైనంతవరకు ఇంటికో డేకేర్‌కో వస్తారు, క్లినిక్ చుట్టూ తిరిగే పని ఉండదు. ఇందులో ఒక సేవ వద్దన్నా మిగతావి ఆగవు. ఆరు నెలలకోసారి ప్లాన్‌ను సమీక్షిస్తారు. పరీక్ష, ప్లాన్, కోఆర్డినేటర్ అన్ని రాష్ట్రాల్లోనూ ఉచితం. థెరపీలకు కొన్ని రాష్ట్రాలు ఆదాయాన్నిబట్టి ఫీజు తీసుకుంటాయి. కట్టుకోలేని స్థితిలో ఉన్నవాళ్లకు డబ్బు కారణంగా సేవలు ఆపకూడదు.

మూడో పుట్టినరోజు దగ్గరపడితే

మూడేళ్లు నిండాక బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్తుంది, అర్హత నిబంధనలూ మారతాయి. పుట్టినరోజుకు కనీసం 90 రోజుల ముందే ఆ మార్పు గురించి మీటింగ్ జరగాలి. రెండేళ్ల మూడు నెలల నుంచే కోఆర్డినేటర్‌ను ఆ తేదీ అడుగుతూ ఉండండి. ఈ కార్యక్రమం సంగతే ఆలస్యంగా తెలిసి, ఫోన్ చేసేనాటికి పుట్టినరోజుకు 45 రోజులు కూడా లేకపోతే, ఎర్లీ ఇంటర్వెన్షన్ వాళ్లు పరీక్ష చేయాల్సిన అవసరం ఉండదు. అప్పుడు నేరుగా మీ స్కూల్ డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ విభాగానికి ఈమెయిల్ రాసి, ప్రీస్కూల్ ఎవాల్యుయేషన్ చేయమని అడగండి. ఆ ఈమెయిల్ కాపీ దాచుకోండి.