సెలైన్‌తో తేరుకున్నాడని ఇంటికి తెచ్చేయకండి: ఎండాకాలం ముందు పసిపిల్లల తల్లులకు

పోయిన వారం భూపాలపల్లి వైపు నుంచి ఐదు నెలల బాబును మా వార్డుకు తెచ్చారు. కళ్ళు లోపలికి పోయి, ఒళ్ళు వాలిపోయి ఉంది. విరేచనాలు లేవు, వాంతులు కూడా రెండు మూడే. రక్తంలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ అనే లవణాలు మూడూ బాగా పడిపోయాయి. అంతకుముందు కూడా ఇట్లాగే అయితే వేరే చోట ఎండదెబ్బ అని సెలైన్ ఎక్కించి పంపించారట. పిల్లల వార్డులో నర్సుగా ఈ తప్పు చాలాసార్లు చూశాను, అందుకే ఇంకా ఎండలు ముదరకముందే రాస్తున్నా.

తప్పు ఏంటంటే, సెలైన్‌తో పిల్ల తేరుకోగానే ఎందుకు అట్లా అయిందో అడగకుండా ఇంటికి రావడం.

అసలు సంగతి

ఒంట్లో ఉప్పు ఇట్లా పడిపోయేలా చేసే, సిస్టిక్ ఫైబ్రోసిస్ అని పుట్టుకతో వచ్చే జబ్బు ఒకటుంది. మామూలుగా చెమట చర్మం మీదికి వచ్చేలోపు అందులోని ఉప్పును ఒళ్ళు వెనక్కి తీసుకుంటుంది, ఈ పిల్లల్లో అది జరగదు. రామగుండం, మంచిర్యాల ఎండల్లో పసిబిడ్డకు ఎంత ఉప్పు పోతుందో ఆలోచించండి, తల్లిపాలల్లో ఉప్పు తక్కువే కాబట్టి పోయింది పోయినట్టే. 1948లో న్యూయార్క్‌లో వడగాలులప్పుడు సొమ్మసిల్లి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బున్నవాళ్ళు ఎక్కువని గమనించాకే, చెమటలో ఉప్పు సంగతి 1953లో తేలింది. విరేచనాలతో డీలాపడ్డ పిల్లల్లో సాధారణంగా రక్తంలో బైకార్బొనేట్ (ఆమ్లాన్ని అదుపులో పెట్టే లవణం) తగ్గుతుంది, ఈ జబ్బుతో డీలాపడ్డవాళ్ళలో పెరుగుతుంది. ఆ పరీక్ష చేసి ఉంటే అంకె రిపోర్టులో ఉంటుంది, అడిగితే చెప్తారు.

ఈ జబ్బులో దగ్గు, ఆయాసం ఉంటే ఎవరైనా ఆస్పత్రికి పోతారు. వీటికి మాత్రం ఎవరూ కంగారు పడరు:

ముద్దు పెడితే నుదురు ఉప్పగా తగలడం, చెమట ఆరాక తెల్లటి పొడి కనిపించడం. పుట్టాక రెండు రోజులైనా మొదటి నల్ల దొడ్డి రాకపోవడం, పొట్ట ఉబ్బడం (ఇది ఆ పూటే చూపించాల్సిన విషయం). పచ్చకామెర్లు వారాల తరబడి తగ్గకపోవడం. ఆబగా పాలు తాగినా బరువు పెరగకపోవడం, దొడ్డి జిడ్డుగా, భరించలేని వాసనతో రావడం. దొడ్డికి కూర్చున్నప్పుడు పేగు బయటికి రావడం. ఒళ్ళు పాలిపోయి కాళ్ళు వాయడం. వీటిలో ఒక్కటి ఉన్నంత మాత్రాన ఈ జబ్బే అని కాదు, కానీ రెండు మూడు కలిస్తే పరీక్ష చేయించాల్సిందే.

కోడలి పాలల్లో సత్తువ లేదని అనకండి. లోపమున్న జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తేనే ఈ జబ్బు, ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికంలో ఆ అవకాశం ఎక్కువ, మేనరికం లేకున్నా వస్తుంది.

ఇంక చేయాల్సినవి

ఆరు నెలల లోపు బిడ్డకు ఎండ అని ఉత్త నీళ్ళు, గ్లూకోజ్ నీళ్ళు పట్టకండి. ఉన్న కాస్త సోడియం ఇంకా పలచబడుతుంది.
ఇంట్లో మీరే ఉప్పు కలిపి పట్టకండి. ఓఆర్ఎస్ కూడా డాక్టర్ చెప్పిన కొలతలోనే.
చెమట క్లోరైడ్ పరీక్ష (చెమటలో ఉప్పు ఎంత పోతోందో చూసేది) గురించి డాక్టర్‌ను అడగండి. హైదరాబాద్ పోవాల్సి వస్తే పోండి, కాకపోతే ముందు ఫోన్ చేసి ఆ పరీక్ష ఉందో లేదో కనుక్కోండి.
పరీక్షకు ముందు రోజు నుంచి నూనె రాయొద్దు, క్రీము పూయొద్దు.
ఆ పరీక్షలో క్లోరైడ్ అంకె 60 దాటితే జబ్బు ఉన్నట్టే, కానీ ఒక్కసారితో ఆపరు, ఖాయం చేసుకుంటారు. 30కీ 60కీ మధ్య వస్తే వదిలేయొద్దు, జన్యు పరీక్ష ఉంది.
కాళ్ళ వాపు ఉన్నప్పుడు చేసిన పరీక్ష నార్మల్ వచ్చినా నమ్మకండి, వాపు తగ్గాక మళ్ళీ చేయించండి.
ఛాతీ ఎక్స్‌రే బాగుందంటే ఈ జబ్బు లేదని కాదు.
ముందు పుట్టిన పిల్ల పసితనంలో పోయి ఉంటే దాచకుండా చెప్పండి, ఎంత బాధైనా సరే.
దిష్టి తీయండి, కాదనను, కానీ తీసి ఇంట్లో ఉండిపోకండి.
సెలైన్‌తో తేరుకుంది కదా అని బయల్దేరకండి. మళ్ళీ చెప్తున్నా, కారణం అడగకుండా బయల్దేరకండి. రెండోసారి ఇట్లా అయితే అసలే వద్దు.
సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్, నాలుగు అంకెలూ డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి, తర్వాత ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ఆ కాగితమే ముందు చూపించండి.