పేరాకో సంఖ్య వేయండి

సొంతంగా సైన్సు నేర్చుకుంటున్నారా? విద్యుత్తుపై ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్త మైకేల్ ఫారడే అలవాటు ఒకటి పట్టుకోండి. లండన్‌లో పుస్తకాలు బైండు చేస్తూ చదువుకున్న ఆయన, 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, గబగబా రాసుకున్నదాన్ని శుభ్రంగా తిరగరాసి, బొమ్మలు వేసి, బైండు చేసి డేవీకే పంపారు. మరుసటి ఏడాదే, డేవీ ఉపన్యాసాలిచ్చిన సైన్సు సంస్థ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోనే ఉద్యోగం దొరికింది. తర్వాత తన ప్రయోగాల డైరీలో పేరా పేరాకూ వరుస సంఖ్య వేస్తూ పోయారు. అవి 16 వేలు దాటాయి! నన్ను కట్టిపడేసేది ఈ సంఖ్యలే. మీరూ ఇవాళ చేసిన ప్రయోగాన్ని ఇవాళే రాయండి, విఫలమైతే ఇంకా వివరంగా. పక్కన సంఖ్య వేయండి. ఆరు నెలల తర్వాత "412 చూడు" అని రాసుకుంటే చాలు, ఆనాటి తీగచుట్టకు ఎన్ని చుట్లు వేశారో వెంటనే దొరుకుతుంది.